కట్టలో నాలుగు వేళ్ళు

చెరుకుపల్లి నుంచి నిజాంపట్నం పోయే దారిలో మురుగుకాల్వ పక్కన ఒక మట్టికట్ట ఉంది. వరదొస్తే పేట మునక్కుండా వేసింది. పొద్దుగూకితే అటు పిట్ట కూడా పోదు. ఈ వేసవిలో గండి పూడ్చిన చోట ఎవర్నో కప్పెట్టారట... రాత్రిళ్ళు లోపల్నుంచి మూలుగొస్తుందట. ఇక కంపంటారా — ఛీ, తల్చుకుంటేనే తిన్నది బయటికొస్తుంది.

ఆ గండిని రాత్రికి రాత్రే పూడ్చిన కాంట్రాక్టరు బ్రహ్మానందమే ఈ సంగతి ముందు చెప్పాడు. "నా కళ్ళారా చూశానయ్యా. ఆ చోటికి మాత్రం పోబాకండి." నిమ్మకాయలూ కుంకుమా కూడా తనే తెచ్చి పెట్టించాడు. పెద్దమనిషి కదా, అందరూ నమ్మారు.

మొన్న వరదొచ్చింది. వరదప్పుడు ఇంటికొక మనిషి కట్ట కాయడం పేటలో కట్టుబాటు. పొడుగునా టార్చీలు పట్టుకుని నిలబడ్డారు — ఆ ఒక్క చోటా తప్ప.

కూలికెళ్ళే ముత్తయ్య ఇల్లు సరిగ్గా దాని కిందే. ఇంట్లో కూతురు సారా, పక్కలో తొమ్మిది రోజుల పసిగుడ్డు.

"పోవద్దు నాన్నా..." గొంతు తగ్గించి అంది సారా.

"నేను పోకపోతే ఇంకెవరు పోతారమ్మా?"

తువ్వాలు ముక్కుకి చుట్టుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ కట్టెక్కాడు. ఎండుచేపల కంపు ఆయనెరుగు, చచ్చిన గొడ్డు కంపూ ఎరుగు. ఇది వేరు. తువ్వాల్లోంచి దూరి నాలిక మీద జిడ్డులా పేరుకుంది.

ఉన్నట్టుండి కాలు మోకాలిదాకా దిగిపోయింది. లోపల్నుంచి — బుస్స్...

కాలు లాక్కోబోయాడు. మెత్తగా, చల్లగా... ఏవో వేళ్ళు మడమకి తగులుకున్నాయి.

కాలు పైకి లాక్కుని టార్చి వేశాడు. బురదలోంచి పైకి చాచిన వేళ్ళు. గోళ్ళున్నాయి. ఒకటి, రెండు, మూడు... నాలుగే.

పట్టుకుని పీకాడు. కోడికాలు!

దాని వెనకాలే చిరిగిన గోతాల్లోంచి తలలు, పేగులు, ఈకలు పురుగులతో సహా జారిపడ్డాయి. పైన జానెడు మట్టి, అడుగునంతా చికెన్ కొట్ల చెత్త. గండిని మట్టికి బదులు దీంతో పూడ్చి, ఎవరూ దగ్గరికి రాకుండా బ్రహ్మానందం దెయ్యాన్ని కాపలా పెట్టాడన్నమాట. ముత్తయ్య అక్కడే భళ్ళున కక్కాడు. థూ, వీళ్ళూ మనుషులేనా! దెయ్యాలు నయం.

మూతి తుడుచుకుంటూ చూస్తే, గోతాల సందుల్లోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి... తన ఇంటి వైపు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు! కట్ట పోతోంది, బస్తాలు తెండర్రా!"

అందరూ ఇసుకబస్తాలతో పరిగెత్తుకొచ్చారు. వాంతులు చేసుకుంటూనే తెల్లారేదాకా వేశారు. నీళ్ళు ఆగాయి.

పొద్దున్నే బ్రహ్మానందం వచ్చాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "నే చెప్పలా, ఇది మంచి చోటు కాదని?"

ముత్తయ్య దగ్గరికెళ్ళి, పురుగులు పాకుతున్న కోడికాలు తీసి ఆయన తెల్లచొక్కా జేబులో పెట్టాడు.

"మీ దెయ్యమండి. ఇంటికి తీసుకుపోండి."