పదకొండుసార్లు అమ్ముడైన హేడ్రియన్

నాణేన్ని ఒక్కసారి తిప్పి చూసి, ఇది నకిలీదని అంగడి యజమాని కొరాడో అనగానే ఫియొరెంజాకు ఒళ్లు మండింది.

ఆమె ఇటలీలోని మోదెనాలో ఒక బడిలో లాటిన్ పాఠాలు చెబుతుంది. తండ్రి డెబ్బయ్యో పుట్టినరోజుకని రోమన్ చక్రవర్తి హేడ్రియన్ వెండి నాణేన్ని ఆన్‌లైన్‌లో కొని, దాన్ని పెట్టి ఇవ్వడానికి మంచి పెట్టె కోసం ఈ పాతనాణేల అంగడికి వచ్చింది. పెట్టె అడిగితే ఇతను తీర్పు చెబుతున్నాడు.

"మీ దగ్గర కొనలేదని అలా అంటున్నారా?"

"నోరు మూసుకుని పెట్టె అమ్ముకుంటే నాకే లాభమండీ."

భూతద్దం ఆమె వైపు జరిపి, అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన అతుకును, చక్రవర్తి జుట్టులో గాలిబుడగలు వదిలిన గుంటలను చూపించాడు. సుత్తిదెబ్బతో తయారైన నాణేనికి ఇవి ఉండవనీ, పోతపోసినదానికే ఉంటాయనీ చెప్పాడు. ఫియొరెంజా నాణెం లాక్కుని వెళ్లిపోయింది.

అతని మాట తప్పని తేల్చడానికే ఇంట్లో ఆ అమ్మకందారు పాత అమ్మకాలన్నీ తెరిచింది. మరో హేడ్రియన్ కనిపించాడు. అంచు తన నాణేనికి విరిగినచోటే విరిగింది. చెవి కింద అదే ఏటవాలు గీత. తర్వాత ఇంకొకటి, మరొకటి. చేత్తో విడివిడిగా కొట్టిన నాణేలకు ఒకే గీత ఎలా పడుతుంది?

మర్నాడు అంగడి తెరవకముందే తలుపు దగ్గర నిలబడింది.

"పదకొండు," అంది, పలకరింపు కూడా లేకుండా.

మొదటి ఫోటో చూడగానే కొరాడో గుర్తుపట్టాడు. అది అసలుది. మూడేళ్ల కిందట తనే అమ్మాడు, ఎంతో మర్యాదగా మాట్లాడిన ఒక పెద్దమనిషికి. దాని నుంచే అచ్చు తీశారన్నమాట.

నిన్నటిదాకా ఒక్కరి కోపం, ఇప్పుడు ఇద్దరిది. మిగతా కొనుగోలుదార్లను వెతికి పట్టుకున్నారు. ఆ వెబ్‌సైటుకు ఫిర్యాదు రాస్తూ ప్రతి మాటకూ పోట్లాడుకున్నారు. ఆమె 'దొంగ' అని రాస్తే అతను కొట్టేసేవాడు, ఆమె మళ్లీ రాసేది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే రెట్టింపు డబ్బిస్తానని అమ్మకందారు కబురు పెట్టాడు. ఆ కబురునూ ఆమె ఫిర్యాదుకు జతచేసింది. సంగతి విన్న తండ్రి, తనకు కానుకేమీ వద్దనీ వాణ్ణి పట్టిస్తే చాలనీ అన్నాడు.

రెండు వారాలకు అమ్మకందారు ఖాతా మూతపడి, కేసు పోలీసులకు చేరింది.

"ఇక మీకిక్కడ పనేం లేదు," అన్నాడు కొరాడో, తుడిచిన భూతద్దాన్నే మళ్లీ తుడుస్తూ.

"పొమ్మంటున్నారా?"

"భోజనానికి రమ్మంటున్నాను. ఎప్పుడో అడగాల్సింది. సాయం చేసి దానికి బదులు అడుగుతున్నాననుకుంటారేమోనని ఆగాను."

ఫియొరెంజా కోటు అందుకుంది.

"నా కోపం ఇంకా తగ్గలేదు. తింటూ తింటూ వాణ్ణి తిడతాను."

"తిట్టండి."

"తిట్టండి ఏమిటి? 'తిట్టు' అను," అంది, కోటు తొడుక్కుంటూ.