రూపశ్రీని విసిగించిన హెచ్చరికలు

మా మనవరాలు రూపశ్రీకీ, పాకాల ధనుంజయకూ మొదటి మాటే గొడవ. అదీ ఎదురెదురుగా కాదు, ఈమెయిల్లో!

నగరిలో మాకు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. పడుగు పోగు తెగితే ఫోన్ మోగేలా రూపశ్రీ ఒక చిన్న కంప్యూటర్ బిగించింది. దాన్ని లోపలినుంచి నడిపించే ప్రోగ్రామ్‌ను కెర్నల్ అంటారట. ఆ కెర్నల్ మహాతల్లికి మగ్గం కాస్త అదిరినా హెచ్చరికే, కరెంటు తగ్గినా హెచ్చరికే. మా కొడుకు కోదండం విసిగిపోయి ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాడు. సరిగ్గా ఆ పూటే నిజంగా పోగులు తెగి, చీర పాడైంది.

"పీకి పారెయ్ మే ఆ కంప్యూటర్ని! దానికి నోరుండాది గానీ బుద్ధి లేదు."

"ఒక్క వారం ఉండు నాయనా. నేను బాగు చేస్తా."

కెర్నల్‌ను దేశదేశాల వాళ్లు కలిసి రాస్తారట, ఒక్కో ముక్కకు ఒక్కొక్కరు కాపలా. మనవరాలు ప్రోగ్రామ్‌లో ఆ హెచ్చరిక ఇచ్చే వరుసనే కొట్టేసి, ఆ మార్పును వాళ్లకు పంపింది. ఆ ముక్కకు కాపలా ధనుంజయ. జవాబు రూపశ్రీ నాకు చదివి వినిపించింది: "తీసేయడానికి వీల్లేదు. నిజంగా చెడిపోతే చెప్పేదెవరు?"

"ఏసీ గదిలో కూర్చోనుండే ఈయనకేం తెలుసవ్వా?" అంటూ టకటకా రాసింది. "నగరికొచ్చి మా మగ్గాల మధ్య గంటసేపు కూర్చోని చెప్పండి సార్."

"నగరేనా? మాదీ ఈ పక్కే, పాకాల. రేపు పొద్దున్నే బస్సెక్కుతా," అని జవాబొచ్చింది.

అన్నట్టే వచ్చాడు. గడ్డం గీసుకోవడం మరిచాడు గానీ ల్యాప్‌టాప్ మరవలేదు. మగ్గాల మోతలో ఇద్దరూ ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టి అరుచుకున్నారు.

"పోగు తెగిందా అని చూసే సెన్సర్, మగ్గం అదిరినా కరెంటు తగ్గినా ఒక్కోసారి పలకదు, కంప్యూటర్ మళ్లీ అడుగుతుంది. రెండోసారి పలుకుతుంది. అది మామూలే!" అన్నాడు ధనుంజయ.

"మామూలుదానికి అంత కేకలెందుకు? ఎవరు రాసినారో గానీ..."

ధనుంజయ తల దించుకున్నాడు. "నేనే రాసినా."

రూపశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆ పిల్లవాడు తెరను వదిలేసి ఆ నవ్వునే చూస్తున్నాడు.

మళ్లీ అడిగితే పలికినప్పుడు ఊరుకోవాలి, ఎంత అడిగినా పలకనప్పుడే హెచ్చరించాలి. ఇద్దరూ కలిసి అలా మార్చారు. ఉత్తుత్తి హెచ్చరికలు ఆగి, పోగు తెగిన కబురే మిగిలింది. ఇక ఫోన్ మోగిందంటే కోదండం పరుగు! వెళ్లి చూస్తే నిజంగానే పోగు తెగి ఉండేది. మగ్గాలు నమ్మకంగా ఆడుతుంటే మనసులోనే ఆ అబ్బాయికి దండం పెట్టుకున్నాను.

మార్పు సరిచూసినన్నాళ్లూ వాళ్లకు మెసేజ్‌లే మెసేజ్‌లు. "కరెంటు ఉందా?" తో మొదలై, "తిన్నారా?" దాకా వచ్చింది. కెర్నల్లో ఆ మార్పు చేరిపోయింది. అంతే, ధనుంజయ మాయం. ఒక్క మాట లేదు.

బయట వాన. రూపశ్రీ కిటికీ దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"ఏంది పాపా ఇట్టుండావు?"

"ఏం లేదవ్వా. పని కోసమే మాట్లాడినాడు. నేనే ఏమేమో అనుకున్యా."

"ఆయన్నే అడగరాదా?"

స్పీకర్లోనే ఫోన్ చేసి అడిగేసింది. నేనక్కడే ఉన్నానన్న ధ్యాస కూడా లేదు.

"ధనుంజయ గారూ, ఉండారా?"

"ఉన్నా. పని అయిపోయింది గదా, ఊరికే మెసేజ్ పెడితే విసుక్కుంటారని... రాస్తా ఉన్నా, చెరిపేస్తా ఉన్నా."

"నాకు విసుగని ఎవురు చెప్పినారు? నన్ను ఒక్క వరుస తీయనీకుండా అడ్డం పడితిరే! మీరు మాత్రం నన్నడక్కుండా అన్నీ తీసేస్తారా?"

ధనుంజయ గొంతు తగ్గించాడు. వాన చప్పుడులోనూ నాకు వినిపించింది.

"రూపశ్రీ... నువ్వంటే నాకు చానా ఇష్టం."

"ఈ మాటనన్నా చెరిపేయకుండా ఉంటిరే," అంది. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

ఆదివారం ధనుంజయ తన తల్లి లీలావతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వస్తూనే రూపశ్రీ రెండు చేతులూ పట్టుకుంది.

"మావోడు ఇంట్లో నోరు తెరిచి మాట్లాడేది కరువమ్మా. మొన్న వాళ్ల నాయన ఫోటో ముందర నిలబడి, నీ గురించి గంటసేపు చెప్పినాడు. నేను తలుపు చాటున విన్యాను. నీకు రుణపడి ఉండాను తల్లీ."

రూపశ్రీ వంగి ఆమె కాళ్లకు మొక్కింది. కోదండం తువ్వాలుతో మొహం తుడుచుకుని, ధనుంజయ భుజం మీద చెయ్యేశాడు.

"లేబ్బా, అన్నం తిందాం. ఇంక నువ్వు మా ఇంటోడివి."