బంతి అక్కడ లేదు

ఆదివారం ఉదయం రొట్టెల కోసం బేకరీకి వెళ్లిన హైనో వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. టోపీ అయినా తీయకుండా బల్ల ముందు కూలబడి, ఇక జన్మలో గెర్డ్ మొహం చూడనన్నాడు. నలభై ఏళ్ల స్నేహం వాళ్లది. ఎమ్స్ నది ఒడ్డునున్న ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకే ఇద్దరూ ఒకప్పుడు డిఫెండర్లుగా పక్కపక్కన ఆడారు. ఇప్పుడు హైనో కొడుకు టోర్బెన్ పదమూడేళ్లుగా అదే స్థానంలో ఆడుతున్నాడు.

మూడు వారాల కిందట టోర్బెన్ అడ్డుపడినప్పుడు అవతలి జట్టు ఆటగాడు యానెస్ కాలు విరిగింది. రిఫరీ ఎర్రకార్డు చూపించాడు. తాను బంతి కోసమే వెళ్లానని టోర్బెన్ క్లబ్బులోనూ, పత్రికవాళ్లకూ, ఇంట్లోనూ చెప్పాడు. చాలామంది నమ్మారు.

"బేకరీలో అంతమంది ముందు గెర్డ్ నిన్ను కసాయివాడన్నాడురా. నా పెంపకం అలాంటిది కాదన్నాను. మాటా మాటా పెరిగి, ఈ వయసులో వాడి కాలరు పట్టుకున్నాను," అన్నాడు హైనో.

టోర్బెన్ తల ఎత్తలేదు. అతని భార్య వీబ్కే ఆ రోజు మైదానంలోనే ఉంది. చూసింది చూసినట్టు మింగేసి ఇన్నాళ్లూ ఊరుకుంది.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది మెల్లగా.

"బంతి అక్కడ లేదు నాన్నా," అన్నాడు టోర్బెన్. "యానెస్ అప్పటికే రెండుసార్లు నన్ను దాటిపోయాడు. ముసలాడివైపోయావని జనం నవ్వారు. మూడోసారి నేను కాలి మీదికే వెళ్లాను."

హైనో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది టోర్బెన్‌కు.

"కోటు వేసుకో," అన్నాడు హైనో. "నువ్వు యానెస్ ఇంటికి వెళ్లు. నేను గెర్డ్ దగ్గరికి వెళ్తాను."

యానెస్ తల్లి తలుపు తీసి, టోర్బెన్‌ని గుర్తుపట్టి, రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కకు జరిగింది. సోఫాలో కాలు చాపుకున్న యానెస్ అతను చెప్పిందంతా విన్నాడు.

"నాకు తెలుసు. నీ కళ్లు చూశాను," అన్నాడు. "కానీ ఎవరితో చెప్పినా, కాలు విరిగిన ఉక్రోషం అన్నారు. మా కోచ్ కూడా. ఇదే మాట పత్రికకు చెప్పగలవా?"

చెబితే క్లబ్బు ఉంచుకోదని టోర్బెన్‌కు తెలుసు. అక్కడే నిలబడి విలేకరికి ఫోన్ చేశాడు. "అబద్ధం చెప్పాను" అనగానే ఏడుపు ముంచుకొచ్చి మాట ఆగిపోయింది. కన్నీళ్లు చేతి మీద పడుతున్నా ఫోన్ మాత్రం దించలేదు.

యానెస్ తల్లి ఒక కుర్చీ తెచ్చి అతని వెనక వేసింది.