మాస్కు తీయని మాస్టారు

ఆ ఇంట్లో పొద్దున్న ఏడింటికి గోడ గడియారం మోగాల్సిన పని లేదు. మాస్టారు టీ కప్పు బల్ల మీద పెడతారు, అంతే. ఆ చప్పుడుకి పక్కింటి పిల్లి వేరే ఇల్లు చూసుకుని రెండేళ్లయింది. కింది అంతస్తు పెద్దాయన చెవి మిషన్ తీసి పడుకున్నా సరిగ్గా ఏడింటికి లేస్తాడు.

మాస్టారు పనిచేసేది నాటక విద్యాలయంలో. ఆసియాలోని పాత నాటకాలు, కొత్త నాటకాలు అన్నీ అక్కడ నేర్పుతారు. ఒక గదిలో డప్పులు, పక్క గదిలో తోలుబొమ్మలు, పై అంతస్తులో కుర్చీ ఎక్కి అరగంటసేపు చప్పుడు లేకుండా ఏడ్చే కొత్త నాటకం. కింద చివరి గది మాస్టారిది. అక్కడ కొయ్య మాస్కుల నాటకం నేర్పుతారు.

ఆ విద్యకి ఒక నియమం ఉంది. మొదటి ఏడాదంతా గురువు మాస్కు పెట్టుకునే పాఠం చెప్పాలి. శిష్యులకి ఆయన మొహం కనపడకూడదు. ఆయన మెచ్చుకున్నాడో, లోపల తిట్టుకున్నాడో తెలియకుండా వాళ్లు ఏడాదిపాటు నడక ఒక్కటే నేర్చుకోవాలి. మాస్టారు ఇరవై ఆరేళ్లుగా ఈ నియమం తప్పలేదు. మొదటి ఏడాదే మానేసి వెళ్లిన శిష్యుడొకడు బస్టాండులో ఆయన్నే పట్టుకుని, ‘మాస్కుల మాస్టారి ఇల్లెక్కడండీ’ అని అడిగాడు.

“నాన్నా, సంతకం,” అంటూ కూతురు ఒక కాగితం తెచ్చి కప్పు పక్కన పెట్టింది. ఇంట్లో ఆమెను పెంకి అంటారు. అదే విద్యాలయంలో కొత్త నాటకం చదువుతోంది. మాస్కుల విభాగంలోకి మారాలని మూడేళ్లుగా అడుగుతోంది. వయసు నిబంధన ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది.

“కుదరదని చెప్పాను.”

“ఎందుకు కుదరదో కూడా చెప్పు.”

“కుదరదంటే కుదరదు.”

“ఆడపిల్లననా?”

“నా క్లాసులో సగం మంది ఆడపిల్లలే.”

“అయితే నాకు రాదనా?”

మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపారు. వడ్రంగి మూడుసార్లు వచ్చినా నిలబడని బల్ల ఆ క్షణాన నిలబడింది.

అమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె విద్యాలయంలో నాటకాల దుస్తులు కుడుతుంది. ఇంట్లో కూడా ఏదో ఒక అంగరఖా ఒళ్లో ఉంటుంది, పెదాల మధ్య ఆరు గుండుసూదులు ఉంటాయి. వాటితోనే స్పష్టంగా తిట్టగలదు.

“దాని బతుకు తీసుకెళ్లి బల్ల కింద పెట్టారు,” అంది. “బాగుందండీ. ఇక టీ ఒలకదు.”

పెంకి కాగితం లాగేసుకుంది. బల్ల మళ్లీ ఊగింది. “మధ్యాహ్నం నా పరీక్షకి నువ్వే పరీక్షకుడివట. రావాలి మరి.”

“వస్తాను. ఉద్యోగం కదా.”

పరీక్షకి, ఇంట్లో చూసిన మనిషిని నటనలో వేదిక మీదికి తీసుకురమ్మని కొత్త నాటకం మేడమ్ చెప్పింది. మిగతా వాళ్లు పిన్నులనీ బాబాయిలనీ తెచ్చారు. పెంకి ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కప్పు తెచ్చింది. మూడడుగులు వేసిందో లేదో హాలంతా గొల్లుమంది. మాస్టారి నడక తెలియని వాళ్లు అక్కడ లేరు. కప్పు బల్ల మీద పెట్టగానే వెనక వరసలో ఇద్దరు మాజీ శిష్యులు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డారు.

తరవాత, కనపడని ఒక చిన్నపిల్ల ఆ నాన్న దగ్గరికి వచ్చింది. బొమ్మ గీసి తెచ్చింది. జ్వరంతో వచ్చింది. పరుగు పందెంలో గెలిచి వచ్చింది. ప్రతిసారీ పెంకి తల అదే వంపులో తిరిగింది. మొహం మాత్రం కొయ్యలా ఉంది. కనురెప్ప కూడా వాల్చలేదు. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మాస్టారు లేచారు. “ఆపు.”

పెంకి ఆగింది.

“నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?”

“సగంలో నవ్వడం మానేశారు మాస్టారూ. మీరు గమనించలేదు.” ఆ పిల్ల ఆయన్ని మాస్టారూ అనడం, మీరు అనడం అదే మొదటిసారి.

“ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడాలి.”

“మాట్లాడితే బల్ల కింద పెట్టారు.”

“ఆ నడక ఎవరు నేర్పారు నీకు?” కోపంగా అడిగారు. “నేను నేర్పలేదే.”

“నేర్పలేదు. వంటింటికీ వరండాకీ మధ్య చూసి నేర్చుకున్నాను. మీ శిష్యులకి ఒక్క ఏడాది మాస్కు. నాకు ఇరవై ఏళ్లు.”

పక్క తెర వెనక ఎవరి అంచో కుడుతున్న అమ్మ వేదిక మీదికి వచ్చింది. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసింది. హాలు బిగుసుకుపోయింది. సూదులు లేకుండా ఆమె తిడితే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

“దానికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

మాస్టారు పెంకి వైపు తిరిగారు. “నాకు మా నాన్నే గురువు,” అన్నారు. “నా ఏడో ఏట నన్ను గదిలోకి తీసుకెళ్లి మాస్కు పెట్టుకున్నాడు. ఏడాదే అన్నాడు. తీశాక కూడా నావైపు మళ్లీ నాన్నలా చూడలేదు. ఆయన పోయిన రోజు మొహం చూసి, ఎవరీయన అనుకున్నాను.” మాస్టారు ఒక అడుగు ముందుకి వేశారు. “నీకు గురువునైతే నీకూ నాన్న ఉండడని సంతకం పెట్టలేదు.”

పెంకి కోపం తగ్గలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి.

“నాకు నాన్నని మిగల్చాలని గురువు కాలేదా? మరి ఆ నాన్న ఎక్కడున్నాడు నాన్నా? నాకెప్పుడూ కనపడలేదే.”

మాస్టారు వేదిక మెట్లెక్కి, నాటకం కోసం తెచ్చిన ఆ కుర్చీలో కూలబడ్డారు. చేతికి అందింది కదా అని ఖాళీ కప్పు తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. మళ్లీ బల్ల మీద పెట్టారు. చప్పుడు కాలేదు.

గురువు గొంతుతోనే అన్నారు. “తిరిగేటప్పుడు ఎడమ మడమ ఆలస్యమైంది. అది తప్పు.”

“తప్పు కాదు. నీది అలాగే ఆలస్యమవుతుంది. పోయిన వానాకాలం నుంచి నీకు ఆ కాలి మోకాలు నొప్పి.”

ఆ నొప్పి సంగతి మాస్టారు ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి చెప్పలేదు, భార్యకి చెప్పలేదు. క్లాసులో ఇన్నేళ్లుగా ఆయన నడకనే చూస్తున్న వాళ్లెవరూ కనిపెట్టలేదు. ఆయన మొహాన్ని రెండు చేతులతో కప్పుకున్నారు. భుజాలు కదిలాయి. హాల్లో ఒక్కరు కూడా చప్పట్లు కొట్టే సాహసం చేయలేదు.

“అలా కప్పుకోకు,” అంది పెంకి, ఆయన చేతులు పట్టి లాగుతూ. “చూడనీ.”

చూసింది. ఇరవై ఏళ్లకి సరిపడా చూసింది. అమ్మ కళ్లొత్తుకుని, సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుని గడియారం వైపు చేయి చూపించింది. నాలుగూ యాభై. పెంకి చాచిన నాలుగు మడతల కాగితం మీద, బల్ల కాలు నొక్కిన గుంట పక్కన మాస్టారు సంతకం పెట్టారు.

“క్లాసులో నా మాస్కు మేకుకి తగిలిస్తాను,” అన్నారు. “నియమం ఎందుకు తప్పానని ఎవరైనా అడిగితే మీ అమ్మ దగ్గరికి పంపిస్తాను.”

మర్నాడు ఏడింటికి ఆ ఇంట్లో ఏ చప్పుడూ కాలేదు. ఏడూ పదికి కింది అంతస్తు పెద్దాయన చెవి మిషన్ పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, కంగారుగా తలుపు కొట్టాడు.

“మాస్టారు బాగానే ఉన్నారా?”

తలుపు తీసిన మాస్టారు ఆయన్ని చూసి నవ్వారు. పెద్దాయనకి అప్పుడు నిజంగా భయం వేసింది.