హనాదీ ఫిరంగి

“మళ్ళీ ఆ ఫోనెందుకే! నీ కూతురి మోకాలు గీరుకుపోయిందంతే! దానికి ఊళ్ళో సర్జన్లందరూ దిగిరావాలా?”

అత్తగారు ఉమ్ ఇయాద్ కేక ఎమర్జెన్సీ వార్డంతా వినిపించింది. డాక్టర్ హనాదీ పళ్ళు బిగబట్టింది. దెబ్బలు తగిలిన పిల్లల కోసం ఈ రంజాన్‌లో ఆమె ట్రామా టీమ్‌ను రెండుసార్లు పిలిచింది... రెండుసార్లూ ఏమీ లేదని తేలింది! ఊళ్ళో ఉపవాసం విడిచే వేళకు ఫిరంగి పేలుస్తారు. సరిగ్గా ఆ వేళకే పళ్ళేలు వదిలి పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఆ పిలుపుకు ‘హనాదీ ఫిరంగి’ అని పేరు పెట్టారు. ఆ వేళాకోళాన్ని అత్తగారు వీధంతా పంచారు. ఇవాళ కూడా పొద్దుగూకే మగ్రిబ్ వేళకు ఇంకా కాసేపే ఉంది!

మంచం మీద ఆరేళ్ళ జుమాన. సైకిలు మీంచి పడింది.

“ఇంటి దగ్గర గుక్కపట్టి ఏడ్చింది,” అంది ఉమ్ ఇయాద్. “ మా అమ్మ ఇచ్చిన భయం గిన్నెతో నీళ్ళు తాగించా. ఆ గిన్నె నీళ్ళకు ఎంత భయమైనా దిగాల్సిందే! చూడు, ఎంత బుద్ధిగా పడుకుందో!”

“ఎన్ని నీళ్ళు పట్టారు?”

“గిన్నె నిండా!”

“అయ్యో అత్తయ్యా! ఆపరేషన్ చేయాల్సొస్తే కడుపు ఖాళీగా ఉండాలి కదా!”

“నోరు కడుక్కో! ఆపరేషనట!”

పిల్ల అంత బుద్ధిగా పడుకోవడమే హనాదీని భయపెట్టింది. సూది గుచ్చినా పిల్ల ‘అమ్మా’ అనలేదు! బీపీ బాగానే ఉంది. కానీ గుండె దడదడలాడుతోంది... పాదాలు చల్లబడ్డాయి... గౌను ఎత్తితే ఎడమ పక్కటెముకల కింద హ్యాండిలు గుచ్చుకున్న గుండ్రటి అచ్చు! లోపల రక్తం కారిపోతున్నా పిల్లల ఒళ్ళు బీపీని చివరిదాకా నిలబెట్టుకుంటుంది. అది పడిపోయాక ఎవరొచ్చి ఏం లాభం?

కానీ... ఇది డాక్టరు అనుమానమా, తల్లి భయమా? మూడోసారీ ఏమీ లేదని తేలితే, రేపు ఇంకొకరి బిడ్డ కోసం పిలిస్తే ఎవరు పరుగెత్తుకొస్తారు?

ఆమె ఫోను ఎత్తింది. “టీమ్ మొత్తం రండి. పేషెంటు నా కూతురే. అయినా పిలుస్తున్నది డ్యూటీ డాక్టరు!”

“సూపు నోటి దాకా వచ్చింది తల్లీ, అంతలోనే పేల్చావు!” సర్జన్ సుఫ్యాన్ విసుక్కుంటూనే వచ్చాడు. పొట్ట మీద స్కాన్ పెట్టగానే ఆయన ముఖం మారిపోయింది. “ప్లీహం చిట్లింది! రక్తం తెప్పించండి!”

ఆ మాట పూర్తికాకముందే బీపీ కుప్పకూలింది!

“హనాదీ, ఇక బయటికి వెళ్ళు. ఇప్పుడు నువ్వు అమ్మవి మాత్రమే.”

ఆపరేషన్ థియేటర్ బయట అత్తాకోడళ్ళిద్దరూ తలుపు వంకే చూస్తూ నిలబడ్డారు. చివరికి సుఫ్యాన్ తలుపు తీశాడు. “గండం గడిచింది. కడుపులో నీళ్ళుండి మత్తివ్వడానికి తిప్పలు పడ్డాం. ఇంకాస్త ఆలస్యమైతే మేమూ ఏమీ చేయలేకపోయేవాళ్ళం.”

ఉమ్ ఇయాద్ కోడలి చెయ్యి పట్టుకుంది. “నా మాట విని ఉంటే... పిల్ల పోయేదేనా?”

ఓదార్చే ఓపిక హనాదీకి లేదు. “పోయేదే అత్తయ్యా!”

ముసలామె కళ్ళు తుడుచుకుని సంచిలోంచి ఖర్జూరం తీసింది. “నోరు తెరువు. పొద్దుటి నుంచీ పస్తున్నావు.”

“ముందు మీరు తినండి.”

“నీలాంటి మొండి కోడలు ఎవరికీ వద్దమ్మా! తినవే! ఆ మొండితనమే నా మనవరాలిని...”

ఆమె ఖర్జూరాన్ని కోడలి పెదవుల దాకా తెచ్చింది. హనాదీ నోరు తెరిచింది.