గరప గుంటలో సాక్షి దిమ్మ

చిన్న కథ. పొయ్యి మీద ఎసరు కాగేలోపు అయిపోతుంది. గరప గుంటలో మట్టి దిమ్మ ఎందుకు పెరిగిందీ, ఆ పెరిగింది చివరికి ఎక్కడికి పోయిందీ, ఇంతే సంగతి.

అయితే ముందు మా ఆయన రసూల్ గురించి చెప్పాలి. తాడేపల్లిగూడేనికి కాస్త దూరంలో, ఏలూరు వెళ్లే రోడ్డు పక్కన ఒక పాత బంగళా ఉంది. క్యాంపుకొచ్చే ఆఫీసర్లు అక్కడ దిగుతారు. మా ఆయన కాపలా కాస్తాడు, నేను వండిపెడతాను. కాపలా అంటే వరండాలో కర్ర పక్కన పెట్టుకుని నిద్రపోవడం. ఒకసారి దొంగ వచ్చి ఆ కర్రే ఎత్తుకుపోయాడు. గోడ మీద పిల్లి దగ్గినా దుప్పటి ముసుగేసే మనిషి. ఆయన్ని ఆడిపోసుకోవడం కాదు గానీ, ఈ కథలో దడుచుకోనివాడు ఆయన ఒక్కడే. ఎందుకంటే గుంట ఛాయలకి ఒక్కసారి కూడా రాలేదు.

ఇక ఓవర్సీరు హనుమంతరావు గారు. ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టరట. క్యాంపుకొస్తే చేప తలకాయ కూడా వదలరు. విస్తరి దగ్గర చూపించే శ్రద్ధ పటం దగ్గర చూపిస్తే ఈపాటికి మన రోడ్లన్నీ అద్దాల్లా ఉండేవి.

ఎక్కడికో పోతున్నాను. గరప దగ్గరికి వద్దాం.

ఆ ఏడు జిల్లా బోర్డువారు కొల్లేటి వైపు ఊళ్లకి రోడ్డు వేయాలనుకున్నారు. అక్కడంతా నల్ల రేగడి. వానొస్తే బండి చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. అటు పెళ్లికి వెళ్లినవాళ్లు పురుడు పోసుకుని తిరిగొస్తారని మా ఊళ్లో వేళాకోళం. రోడ్డుకి ఇసుకా గరపా కావాలి. ఇసుకకి ఎర్రకాలువ ఉంది. గరప, అంటే ఎర్రటి గులకమట్టి, మా మెరక మీద ఉంది. ఎవరి నేలలో తవ్వాలో తేల్చడం ఓవర్సీరు గారి పని.

బంగళాలో భోజనాల బల్ల మీద పటం పరిచారు. నాకు చదువు రాదు గానీ ఎర్ర పెన్సిలు కనపడుతుంది. మొదటి రోజు సున్నా మా ఊరి మోతుబరి వెంకట్రాజు గారి మామిడితోట మీద పడింది. అక్కడి గరపే మేలైనదని ఓవర్సీరు గారే అన్నారు. మర్నాడు వెంకట్రాజు గారు బుట్టెడు కొర్రమీనులతో వచ్చారు. నేనే పులుసు పెట్టాను. చెయ్యి కడుక్కున్నాక ఓవర్సీరు గారు రబ్బరు తీసి సున్నా చెరిపేశారు. కొత్త సున్నా క్రైస్తవుల పేట వెనకనున్న దిబ్బ మీద పెట్టారు.

పేటలో చచ్చిపోయినవాళ్లందరూ ఆ దిబ్బలోనే ఉన్నారు. పటంలో మాత్రం ఖాళీ పోరంబోకు అని ఉందట. తవ్వే కంట్రాక్టు కూడా వెంకట్రాజు గారికే దక్కింది. కొర్రమీను చాలా మంచి చేప.

అభ్యంతరాలుంటే చెప్పుకోమని దండోరా వేయించారు. బజారులో వేశారు, మిల్లు దగ్గర వేశారు, రైలు గేటు దగ్గర వేశారు. పేట దాకా డప్పు రాలేదు. అటు ఎండ ఎక్కువగా ఉందన్నారట కరణం గారు. గడువు దాటింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకున్నారు. నిజమే. వినపడనివాళ్లు ఏం చెబుతారు?

సంగతి తెలిసి పేట నుంచి రూతమ్మ బంగళాకి వచ్చింది. మొగుడు రంగూన్ వెళ్లి ఉత్తరం ముక్క కూడా వేయలేదు. ఉన్న ఒక్క కూతురు మరియమ్మ, తొమ్మిదేళ్లది, కిందటి వానాకాలం జ్వరమొచ్చి పోయింది. దిబ్బకి తూర్పు కొసన పెట్టారు. రూతమ్మ మెట్ల కింద నిలబడే మాట్లాడింది. పైకి రమ్మని ఎవరూ అనలేదు.

"అయ్యగారండీ, అక్కడ మావాళ్లున్నారండి. నా పిల్ల కూడా ఉందండి."

"కాగితంలో ఎవరూ లేరమ్మా," అన్నారు ఓవర్సీరు గారు పంటిలో ముల్లు తీసుకుంటూ.

"కాగితం చూసి పూడ్చలేదండి మేము."

వెంకట్రాజు గారు పక్కనే ఉన్నారు. నవ్వారు. "గట్టిదానివే. సరే, ఓ పని చేద్దాం. సాక్షి దిమ్మ ఒకటి నీ పిల్ల మీదే వదిలిస్తాను. ఆ చోట గునపం పడదు. చాలా?"

"చాలండి," అంది రూతమ్మ. ఇంకేమంటుంది?

సాక్షి దిమ్మ అంటే ఇది. గుంట తవ్వేటప్పుడు అక్కడక్కడ నేలని ముట్టుకోకుండా స్తంభంలా వదిలేస్తారు. దాని తల మీద పాత గడ్డి అలాగే ఉంటుంది. అక్కణ్ణించి కిందికి కొలిస్తే ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది. లోతు ఎంతైతే కంట్రాక్టరుకి లాభం అంత. కొలత అయిపోగానే దిమ్మలు కూడా కొట్టి బండికెత్తేస్తారు. ఆ చివరి ముక్క వెంకట్రాజు గారు చెప్పలేదు. నేను చెప్పాను. రూతమ్మ విని, కొంగు బిగించి, తట్ట పట్టుకుని ఆ గుంటలోనే కూలికి చేరింది.

"దగ్గరుండి చూసుకుంటానక్కా," అంది.

తవ్వకం మొదలైంది. ఎముకలు బయటపడ్డాయి. పడవా మరి? పశువుల బొమికలన్నారు వెంకట్రాజు గారు. పశువులకి వేళ్లకి ఉంగరాలుండవని పేటలో ముసలాయన ఒకాయన అన్నాడు. ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఎముకలు గరపతో పాటే బండ్లెక్కి కొల్లేటి రోడ్డుకి పోయాయి. తవ్విన చోట సిలువలన్నీ ఏరి కూలీల వంటకి కట్టెలు చేశారు. ఆ కట్టెల మీద వండిన గంజి తాగి ఆ కూలీలే సాయంత్రం ప్రార్థనకి కూచునేవారు. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు నవ్వు రాదు. వేళాకోళం ఇక్కడ ఆపేస్తాను.

ఓవర్సీరు గారికి మధ్యాహ్నం కారియరు నేనే గుంటకి తీసుకెళ్లేదాన్ని. అందుకే చూశాను.

మరియమ్మ దిమ్మ నిలబడదని మేస్త్రీ ముందే అన్నాడు. ఒకసారి తవ్వి పూడ్చిన నేలకి పట్టు ఉండదు, గాలేస్తే రాలిపోతుందన్నాడు. గట్టి నేలలో వదిలిన మిగతా దిమ్మలు ఎండకి నెర్రెలిచ్చి ఒక్కొక్కటే కూలాయి. మరియమ్మది నిలబడింది. గోరు గీసినా గీత పడనంత గట్టిగా నిలబడింది.

తరవాత పెరిగింది.

మొదట నేను నమ్మలేదు. గుంట దిగుతున్న కొద్దీ దిమ్మ పొడుగ్గా కనపడటం మామూలే. కానీ ఒక రోజు గట్టు మీద నిలబడి చూస్తే దిమ్మ తల నా కళ్లకి ఎదురుగా ఉంది. గట్టేమో పాత నేల. దిమ్మ తల కూడా పాత నేలే. రెండూ ఒకే మట్టాన ఉండాలి. ఇదేమో గట్టు మీద ఇంకో మనిషంత ఎత్తు లేచి ఉంది.

"రాజుగారూ, పైన మట్టి పోయించారు కదూ?" అన్నారు ఓవర్సీరు గారు.

"నా పిల్లల మీద ఒట్టు. ఎక్కి చూసుకోండి."

నిచ్చెన వేసి ఎక్కారు. పైన పాత గడ్డే ఉంది, వేళ్లతో సహా. మరియమ్మ సిలువ పుల్ల గుచ్చినది గుచ్చినట్టే ఉంది. రెండేసి మెట్లు దాటుకుంటూ దిగారు. కానీ దిగాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎత్తు పెరిగితే లోతు పెరిగినట్టే కదా. బెదురు చూపు అంత తొందరగా ఆశ చూపుగా మారడం నేను ఎక్కడా చూడలేదు.

"కొలత దీని మీదే వేద్దాం," అన్నారు ఓవర్సీరు గారు.

అప్పట్నించీ దిమ్మకి తాటాకుల దడి కట్టారు. ఎవరూ ముట్టుకోకూడదన్నారు. వెంకట్రాజు గారు స్వయంగా వచ్చి కుర్చీ వేసుకుని కాపలా కాసేవారు. మా ఆయన కన్నా బాగా కాశారు.

కొలత వేసే ముందు రోజు.

వైశాఖం ఎండ. మిట్టమధ్యాహ్నం. కూలీలు తాటిచెట్ల నీడకి పోయారు. ఓవర్సీరు గారు ఇంకా రాలేదు. వెంకట్రాజు గారు గట్టు మీద గొడుగు కింద కునుకు తీస్తున్నారు. నేను కారియరు పట్టుకుని గుంటలోకి దిగాను. కింద గాలి లేదు. ఎర్రమట్టి గోడలు నాలుగు వైపులా సెగలు కక్కుతున్నాయి. కాకి అరుపు కూడా లేదు. నా నీడ నా కాళ్ల కిందే ముడుచుకుని ఉంది.

వాసన తగిలింది. తడి మట్టి వాసన. వాన పడి నెలలయింది. దాని వెనకాల ఇంకో వాసన... పిల్లల తలకి రాసే ఆముదం.

దడి లోపల రూతమ్మ ఉంది. దిమ్మకి చెవి ఆనించి నిలబడింది. నన్ను చూసి వేలితో పిలిచింది.

"అక్కా... విను."

చెవి ఆనించాను. మట్టి చల్లగా ఉంది. అంత ఎండలో... బావి గోడలా చల్లగా.

ముందు ఏమీ లేదు.

తరవాత ఒరుసుకుంటున్న చప్పుడు. ఇరుకు గదిలో చాలామంది పడుకుని, చోటు కోసం అటూ ఇటూ సర్దుకుంటున్నట్టు. ఎవరో ముసలివాళ్లు దగ్గారు. ఎవరో చంటిపిల్ల మూలిగింది. ఎవరిదో మోచెయ్యి లోపలి నుంచి నా చెంపకి తగిలి... జరిగింది.

నేను వెనక్కి పడ్డాను.

"ఉన్నది ఇదొక్కటే చోటు కదక్కా," అంది రూతమ్మ. గుసగుసగా. ఏడవటం లేదు. "తవ్వేసినవాళ్లందరూ ఇందులోకే వచ్చారు. ఎక్కడికి పోతారు? నా పిల్ల అడుగున ఉంది."

"రూతమ్మా... పద. పైకి పోదాం."

"ఊపిరాడటం లేదంటోందక్కా."

వంగి గునపం తీసింది. ఆ గునపం చప్పుడుకి వెంకట్రాజు గారు లేచారు. ఆ శరీరంతో అంత వేగంగా దిగుతారని నేననుకోలేదు. దడి తోసుకుని వచ్చి దిమ్మకి అడ్డంగా నిలబడ్డారు.

"ఏయ్! కొలత కాలేదు! రేపు కొట్టుకో, నేనే కొట్టిస్తాను! ఉంచమని కాళ్లు పట్టుకున్నది నువ్వే కదే!"

"ఉంచమన్నానండి," అంది రూతమ్మ. "ఒక్కదాన్ని ఉంచమన్నాను. ఊరందర్నీ దాని నెత్తిన పెట్టమనలేదండి."

"నువ్వు ముట్టుకుంటే..."

"తప్పుకోండయ్యగారూ."

తప్పుకోలేదు. వెనక్కి తిరిగి దిమ్మని రెండు చేతులా కావలించుకున్నారు. చెంప మట్టికి ఆనించి, నోరు తెరిచి కూలీల కోసం కేకలు వేశారు. రూతమ్మ ఆయన చంక కింద నుంచి గునపం దింపింది. ఒక్క పోటు.

దిమ్మ కూలలేదు. పగిలింది. పగిలిన చోట నుంచి గాలి వచ్చింది... చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. దాంతో ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ము పైకి లేవలేదు. పక్కలకి పోలేదు. నోరు తెరిచి ఉన్న ఆయన దగ్గరికే పోయింది. సన్నగా, తొందర లేకుండా, ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటుతున్నట్టు.

కేకలు ఆగిపోయాయి.

తరవాత దిమ్మ మెల్లగా జారి ఆయనతో సహా కింద పడింది. లోపల ఎముక లేదు. గుడ్డపేలిక లేదు. బోలుగా ఉంది. లోపలి మట్టి నిండా వేళ్ల గీతలు. పెద్దవీ, చిన్నవీ.

వెంకట్రాజు గారు లేచి పంచె దులుపుకున్నారు. నా వైపు చూశారు. నా చేతిలో కారియరు వైపు చూశారు. తీసుకుని, అక్కడే మట్టిలో కూచుని, గిన్నె తరవాత గిన్నె మొత్తం తినేశారు. చివరి మెతుకు కూడా అయ్యాక తలెత్తారు.

"ఇంకా ఉందా?" అన్నారు. ఆయన గొంతే. కాస్త పలచగా ఉంది, అంతే.

రూతమ్మ గునపం కింద పెట్టి ఆయన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

ఆ తరవాత ఏమైందని అందరూ అడుగుతారు. ఏమీ కాలేదు. మర్నాడు ఓవర్సీరు గారు కూలిపోయిన దిమ్మని జ్ఞాపకం మీద కొలిచారు. రోడ్డు వేశారు. బాగానే ఉంది, బండ్లు దిగబడటం లేదు. ఓవర్సీరు గారికి జంగారెడ్డిగూడెం బదిలీ అయింది, పెద్ద ఉద్యోగమే. వెంకట్రాజు గారు ఆ తరవాతి ఎన్నికల్లో నెగ్గి బోర్డు మెంబరయ్యారు. ఇప్పుడు ఎవరి నేలలో గరప తవ్వాలో ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆయనే చెబుతారు. మొదటి సున్నా తన మామిడితోట మీదే పెట్టుకున్నారు. ఊరు ఆయన్ని ధర్మాత్ముడంటోంది. తోట మొత్తం తవ్వేశారు. సాక్షి దిమ్మ ఒక్కటి కూడా వదలనివ్వలేదు.

రూతమ్మ ఆయన ఇంట్లోనే పనికి కుదిరింది. నాకు ఒళ్లు మండి అడిగాను. "సిగ్గు లేదటే? ఆ ఇంట్లో గిన్నెలు తోముతావా?"

"నా పిల్ల అక్కడ ఉంటే నేనెక్కడ ఉంటానక్కా?" అంది.

మధ్యాహ్నం ఆయన వరండాలో నిద్రపోతారు. రూతమ్మ పక్కన కూచుని ఆయన గుండెలతో ఏదో మాట్లాడుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఏమీ అనరు. మంచం పొడవు చాలక కాళ్ల దగ్గర బల్ల వేశారు. వీధి గుమ్మం రెండుసార్లు ఎత్తించారు.

నిన్న తాపీవాళ్లు మళ్లీ వచ్చారు. కప్పు ఎత్తాలట.