పందొమ్మిది కథలు ఎవరు చెరిపారు?

గురువారం ఉదయం 10.05. ఇంటి ఫైళ్లన్నీ దాచే స్టోర్‌రూమ్‌లోని హోమ్ సర్వర్ నుంచి పందొమ్మిది కథలు మాయమయ్యాయి.

ఆపరేషన్‌లో గొంతు పోకముందు, నాలుగేళ్ల పాప కోసం తల్లి రికార్డు చేసిన కథలవి. ఇప్పుడామె ఏం చెప్పాలన్నా పలక మీద రాయాల్సిందే.

"మా బావమరిది పనే మేడమ్," అన్నాడు భర్త, సైబర్ సెల్ ఎస్సైతో. "ఆపరేషన్ వద్దని నాతో గొడవపడ్డాడు. ఆ టైముకి సర్వర్ ఫ్యాన్ బాగుచేస్తూ అక్కడే ఉన్నాడు. మెడపట్టి గెంటేశాను."

ఎస్సై సర్వర్‌నీ దాని డిస్క్‌నీ పట్టుకెళ్లింది. శనివారం 11.20కి తిరిగొచ్చింది. డిస్క్‌లో మిగిలింది ఒకే ఒక్క ఫైలు. ప్లే చేసింది.

"హలో... పడుతోందా?"

సోఫాలో ఉన్న ఆవిడ తన గొంతు విని తల దించుకుంది. పాపం, చూడలేకపోయారు ఎవరూ.

"అది టెస్ట్ రికార్డింగ్. వదిలెయ్యండి మేడమ్."

"చెరిపేవాడు దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలాడు? ఇది మూడో తేదీది. మొదటి కథ ఎప్పుడు?"

"ఐదున."

"నాలుగున ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదే!"

"జరిగింది. టెంప్లేట్ ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయింది."

అతనికి అర్థం కాలేదు.

"మీ రికార్డింగ్ యాప్ నడిచేది కంటైనర్‌లో. డబ్బా అనుకోండి. డబ్బాలోని ఏ ఫోల్డర్‌ని డిస్క్‌కి కలపాలో రాసి ఉండే కాగితమే టెంప్లేట్. యాప్ తయారుచేసినవాళ్లు నాలుగున అందులో ఫోల్డర్ పేరు మార్చారు. సర్వర్ తనంతట తానే కొత్త కాగితం తీసేసుకుంది. యాప్ మాత్రం ఇంకా పాత వెర్షనే కాబట్టి పాత ఫోల్డర్‌లోనే రాసుకుంటూ పోయింది. కథలు డిస్క్‌కి చేరనేలేదు. డబ్బాలోనే ఉండిపోయాయి."

"మరి గురువారం?"

"10.05కి యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. సర్వర్ పాత డబ్బా పారేసి కొత్తది పెట్టింది. మీ బావమరిది ఫ్యాన్ తప్ప ఏదీ ముట్టుకోలేదు."

"వెనక్కి తేలేమా మేడమ్?"

"రెండుసార్లు రికవరీ చేసి చూశాను. పాత డబ్బా ఉన్న చోట వేరే డేటా పడిపోయింది. ఇక రావు."

ఎస్సై మళ్లీ అడిగింది. "అడక్కుండా అన్నీ అప్‌డేట్ చెయ్యమని టిక్ పెట్టిందెవరు?"

మాటిమాటికీ ఎవడు చూస్తాడులే అనుకుని అతనే పెట్టిన టిక్ అది.

"నా చేతులతో నేనే..."

ఆవిడ పలక తుడిచింది. నెమ్మదిగా రాసి భర్త ముందు పెట్టింది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యండి. నేను చెయ్యలేను."